ఉలి పట్టిన స్థపతి: జార్జి నకషిమా

మన ప్రాచీన వాస్తుగ్రంథాలు శిల్పులను నాలుగు తెగలుగా పేర్కొన్నవి. కట్టడమంతటినీ మనస్సులో సంకల్పించి, సర్వమునకూ బాధ్యత వహించేవాడు స్థపతి. సూత్రం పట్టి కొలతలు వేసేవాడు సూత్రగ్రాహి. కొయ్యనూ రాతినీ కోసి చెక్కేవాడు తక్షకుడు. చెక్కిన భాగాలను కూర్చి నిలబెట్టేవాడు వర్ధకి. మన వడ్రంగి అన్న మాటలో ఆ వర్ధకి ఛాయ నేటికీ వినిపించక మానదు. మానసారం, మయమతం వంటి గ్రంథాలు దేవాలయాలకూ ప్రాసాదాలకూ లక్షణం చెప్పి ఊరుకొనలేదు. శయ్యలకూ ఆసనాలకూ కూడా కొలతలు నిర్దేశించినవి. ఇంటిని సంకల్పించిన బుద్ధియే ఇంటిలోని పీటను కూడ తీర్చవలెనని ఆ శాస్త్రకారుల ఆశయం.

కాలక్రమాన ఈ సంబంధం తెగిపోయినది. చదువుకొన్నవాడు కాగితం మీద గీత గీస్తే చాలుననీ, ఉలి పట్టుట చదువు అబ్బనివాని వంతు అనీ ఒక దురభిప్రాయం లోకంలో వేళ్ళు పాతుకొన్నది. 20వ శతాబ్దపు వాస్తుశిల్పులు కొందరు ఈ అగాధాన్ని పూడ్చజూచినారు. తాము కట్టే ఆధునిక గృహాలకు పాతకాలపు నగిషీల కుర్చీలు పొసగవని గ్రహించి, కుర్చీలనూ బల్లలనూ తామే రూపొందింప నారంభించినారు. అయితే వారిలో అధికులు రూపం గీసి ఇచ్చి, చేతిపనిని ఇతరులకు విడిచినవారే. స్థపతి పీఠం నుండి తనంతట తాను దిగివచ్చి, తక్షకుడై, వర్ధకియై, జీవితాంతం వడ్రంగి బల్ల ముందు నిలిచినవారు అరుదు. అట్టి అరుదైన వ్యక్తి జార్జి నకషిమా.

ఆయన జపాను సంతతివారు, పుట్టినది అమెరికాలో. కాని ఆయన మొట్టమొదట గృహోపకరణాలు తీర్చినది భారతదేశంలో, పుదుచ్చేరిలో. ఆ కట్టడానికి ధనం వెళ్ళినది హైదరాబాదు నుండి. ఆ కట్టడం పేరు గోల్కొండ. తెలుగువారు ఆయన చరిత్ర తెలిసికొనుటకు ఈ ఒక్క కారణం చాలును.

అడవుల నుండి విద్యాలయాలకు

నకషిమా 1905 మే 24వ తేదీన అమెరికా వాయవ్య భాగంలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్పోకేన్ పట్టణంలో జన్మించినారు. తలిదండ్రులు జపాను నుండి వలసవచ్చినవారు. ఆ ప్రాంతం మహారణ్యాలకు నెలవు. బాలచరుల దళంలో చేరి, మూపున మూట కట్టుకొని, కొండలలో రోజుల తరబడి తిరుగుట బాల్యంలో ఆయనకు పరమానందం. ఆకాశమంటే దేవదారు జాతి వృక్షాల నడుమ గడపిన ఆ దినాల ప్రభావం ఆయనను చివరిదాక విడువలేదు. చెట్టును కేవలం కలపగా చూడలేని దృష్టి ఆ అడవులే ఆయనకు ప్రసాదించినవి.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదట అటవీశాస్త్రం చదువబూని, పిదప వాస్తుశిల్పానికి మారినారు. 1928లో ఫ్రాన్సు దేశంలోని ఫాంటేన్‌బ్లోలో ఉన్న అమెరికను కళాశాలలో కొంతకాలం శిక్షణ పొందినారు. 1929లో పట్టభద్రులై, తరువాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం నుండి పై పట్టాను కూడ సంపాదించినారు. అది గొప్ప చదువు. కాని అదే సమయాన అమెరికా ఆర్థికమాంద్యంలో కూరుకొనిపోయినది. కట్టడాలు ఆగిపోయినవి. న్యూయార్కు ప్రాంతంలో కొద్దికాలం ఉద్యోగం చేసిన పిదప, ఆయన తన మోటారుకారును అమ్మి, ఆ సొమ్ముతో భూప్రదక్షిణానికి ఓడ టిక్కెట్టు కొన్నారు. ఉద్యోగం వెదకికొనవలసిన వయస్సులో లోకం వెదకబోయిన యువకుని తెగువ అది.

పారిస్ నగరంలో నివసించిన కాలంలో కొర్బూజియే తలపెట్టిన స్విస్ విద్యార్థి వసతిగృహాన్ని ఆయన దగ్గరగా చూచినారు. కాంక్రీటు స్తంభాలపై తేలుతున్నట్లు నిలిచిన ఆ కట్టడం ఆధునిక వాస్తువుకు ఒక మేలుబంతి. అక్కడినుండి ఆయన పితృదేశమైన జపాను చేరి, 1934లో టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ కార్యాలయంలో ఉద్యోగం స్వీకరించినారు. రేమండ్ బొహీమియాలో జన్మించిన చెక్ జాతీయుడు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే అమెరికను వాస్తుశిల్పి టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కట్టుతున్నప్పుడు, ఆయనకు సహాయకుడుగా 1919లో వచ్చి, అక్కడనే స్థిరపడినవారు. కాంక్రీటు శాస్త్రాన్నీ, జపాను వడ్రంగుల పూర్వసంప్రదాయాన్నీ ఒక్క చోట చేర్చవలెనని ఆయన తపన. కరుయిజావా అనే కొండ ఊరిలో కొయ్యతో కట్టిన చిన్న చర్చి పనిలో నకషిమా పాలుపంచుకొన్నారు. సహోద్యోగి యోషిమురాతో కలిసి పాత దేవాలయాలు, తేనీటి గృహాలు తిరిగి చూచినారు. మేకు లేకుండ దూలం దూలంలో ఒదిగే తీరు, రంగు పూయని కొయ్య కాలంతో పాటు వన్నెకెక్కే తీరు ఆయన కన్నులకు కట్టినవి.

పేరు గోల్కొండ, ఊరు పుదుచ్చేరి

అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారి పాలనలో ఉన్నది. అరవిందులు 1910లో అక్కడికి చేరిన పిదప క్రమంగా వారి చుట్టూ ఆశ్రమం ఏర్పడినది. 1930 తరువాత సాధకుల సంఖ్య పెరిగి, వారికి వసతి కల్పించవలసి వచ్చినది. ఆశ్రమ నిర్వాహకురాలైన శ్రీమాత ఒక వసతిగృహం తలపెట్టినారు. ఆశ్రమవాసి అయిన ఫ్రెంచి ఇంజనీరు పవిత్ర పూర్వం జపానులో ఉన్నప్పుడు రేమండ్‌ను ఎరిగినవారు. ఆ పరిచయంతో రూపకల్పన రేమండ్‌కు అప్పగింపబడినది.

ధనం మాట ఏమి? ఆనాడు హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రి సర్ అక్బర్ హైదరీ. అరవిందుల యెడ ఆయనకు గౌరవం మెండు. ఆయన పూనికతో నైజాము ప్రభుత్వం నుండి ఒక లక్ష రూపాయల విరాళం లభించినది. ఆ కృతజ్ఞతకు చిహ్నంగా భవనానికి ఫ్రెంచివారు పలికే తీరున 'గోల్కొండ్' అని నామకరణం చేసినారు. ఐరోపా వాసుల నోట గోల్కొండ అన్నది కేవలం ఒక కోట పేరు కాదు. తరగని సంపదకు పర్యాయపదం. ఆ కీర్తి కృష్ణాతీరపు వజ్రాల వలన వచ్చినది. గుంటూరు సీమలో, నేటి పల్నాడు జిల్లాలో, పులిచింతల జలాశయం క్రింద మునిగిన కొల్లూరు గనులే ఆ వజ్రాల పుట్టినిండ్లలో ముఖ్యమైనది. కూలీలు మట్టి త్రవ్వి తీసిన రాళ్ళ కీర్తి ఆ విధంగా సముద్రాలు దాటి, తిరిగి తమిళదేశపు తీరాన ఒక సాధకుల నిలయానికి పేరై నిలిచినది.

నిర్మాణం 1937 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైనది. రేమండ్ తరఫున పనిని దగ్గర ఉండి జరిపించుటకు నకషిమా పుదుచ్చేరి చేరినారు. కొర్బూజియే వద్ద పనిచేసిన ఫ్రాంటిషెక్ సామర్ అనే చెక్ యువకుడు ఆయనకు తోడైనాడు. 1938లో రేమండ్ స్వయంగా సకుటుంబంగా వచ్చి కొన్ని నెలలు ఉన్నారు. కొన్ని నెలలలో ముగియగలదని మొదట తలచిన పని ఏండ్ల తరబడి సాగినది. కారణం అలసత్వం కాదు. శిక్షణ లేని సాధకులే పనివారు. పని తొందరగా ముగియుటకంటె లోపం లేకుండ ముగియుటయే అక్కడ నియమం.

ఒంగోలు, నెల్లూరు తీరాల వేసవి ఉక్కను అనుభవించినవారికి ఆ కట్టడం లోని తెలివి వెంటనే బోధపడుతుంది. అందులో గాజు కిటికీలు లేవు. ఉత్తర దక్షిణాల గోడల స్థానంలో నిలువెత్తు పలకల వరుసలు ఉన్నవి. అవి అడ్డంగా అమరి, తిప్పినప్పుడు తెరచుకొంటవి, మూసుకొంటవి. ఎండ లోనికి రాదు; గాలి రాక మానదు. గదికీ నడవకూ మధ్య జరుపుడు తలుపులు టేకుతో చేసినవి. వాటి చెక్కల సందులలో నుండి గాలి ప్రసరిస్తుంది, గదిలోని మనిషికి చాటూ దొరుకుతుంది. పైకప్పు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులను పరచి, నడుమ గాలి ఆడుటకు ఎడం విడిచినారు. నేలకు నున్నగా మెరుగుపెట్టిన నల్లరాతి పలకలు పరచినారు. భక్తులు ఇచ్చిన పాత ఇత్తడి పాత్రలను కరగించి తలుపుల పిడులు, బందులు పోతపోసినారు. విద్యుత్ పంకాలపై ఆధారపడక, తీరపు గాలినే సేవకునిగా చేసికొన్న భవనం అది. భారతదేశంలో ఆధునిక వాస్తుశైలికి తొలి దృష్టాంతాలలో దానిని పండితులు లెక్కించినారు. చండీగఢ్ నగరానికి శంకుస్థాపన కూడ జరుగక మునుపే అది పూర్తియైనది.

అట్టి గదులలో ఎట్టి సామగ్రి ఉండవలె? ఈ ప్రశ్నకు జవాబుగానే నకషిమా తన జీవితంలో మొదటిసారి గృహోపకరణాలు రూపొందించినారు. మంచం, బల్ల, కుర్చీ, అలమర వంటి కొద్దిపాటి వస్తువులు; అన్నియు టేకు. చెక్కడపు పని లేదు, మెరుపు రంగు లేదు. సాధకునికి పడుకొనుటకు, వ్రాసికొనుటకు, బట్టలు దాచుకొనుటకు ఎంత కావలెనో అంతే. మన ఇండ్లలో ఆనాడు ధనవంతుడు సింహపుకాళ్ళ కుర్చీలనూ, బిళ్ళల అద్దాల బీరువాలనూ దొరల ఇండ్లను చూచి చేయించేవాడు. గోల్కొండలోని సామగ్రి అందుకు పూర్తిగా ఎదురు బాట. కుర్చీ కూర్చుండువాని అంతస్తును చాటుటకు కాక, అతని వెన్నును నిలుపుటకు చేయబడినది.

ఆ రెండేండ్లలో నకషిమా కట్టడం కట్టినారనుటకంటె, కట్టడమే ఆయనను తీర్చినదనుట సమంజసం. జీతం పుచ్చుకొనుట మాని, ఆశ్రమవాసులలో ఒకరై, సాధకుని వలె జీవించినారు. అరవిందులు ఆయనకు సుందరానందుడని పేరు పెట్టినారు. సౌందర్యంలో ఆనందం పొందువాడని దాని భావం. చేసే పని చిన్నదో పెద్దదో కాదు, దానిని అర్పణగా చేయుట ముఖ్యమన్న భావం అక్కడనే ఆయన మనస్సులో నాటుకొన్నది. పనివాడు తన పేరును కాక, పనిని ముందుంచవలెనన్న నియమం అక్కడి గోడలలోనే కలదు. భవనం పూర్తికాక మునుపే, ప్రపంచయుద్ధపు మేఘాలు కమ్మిన 1939లో, ఆయన పుదుచ్చేరి విడిచినారు. మిగిలిన పనిని తోటివారు నెరవేర్చినారు.

ముళ్ళకంచె లోపల ఒక గురువు

జపానులో ఉన్నప్పుడు అమెరికాలో పుట్టిన మారియన్ ఒకాజిమాతో పరిచయం కలిగి, 1941లో ఆమెను వివాహమాడినారు. అమెరికా తిరిగివచ్చి, వాస్తుశిల్పపు కట్టడాలు జరిగే తీరు చూచి విసిగినారు. వాస్తుశిల్పి గీసిన గీతకూ, కాంట్రాక్టరు కట్టిన గోడకూ పొంతన లేదు. మొదటి నుండి తుది వరకు తన చేతి క్రింద ఉండే పని ఏది? కుర్చీ, బల్ల. ఇల్లు కట్టేవారు వందమంది; కుర్చీ చేసేవాడు ఒక్కడు. అందులో తప్పు జరిగితే ఆ తప్పు అతనిదే. ఒప్పు జరిగితే అదీ అతనిదే. ఈ ఆలోచనతో సియాటిల్ నగరంలో చిన్న పనిచోటు కుదుర్చుకొని, గృహోపకరణాలు చేయ నారంభించినారు.

అంతలో 1941 డిసెంబరులో పెరల్ హార్బర్ మీద జపాను దాడి జరిగినది. 1942 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు జారీచేసిన ఉత్తరువు వలన, పసిఫిక్ తీరాన నివసించే జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ఇండ్లు వాకిళ్ళు విడిచి నిర్బంధ శిబిరాలకు పోవలసి వచ్చినది. వారిలో అత్యధికులు అమెరికాలో పుట్టిన పౌరులే. ఏ నేరమూ చేయని నకషిమా, భార్యతోను, పొత్తిళ్ళలోని కుమార్తె మీరాతోను, ఐడహో రాష్ట్రపు ఎడారిలోని మినిడోకా శిబిరం చేరినారు. చుట్టూ ముళ్ళకంచె, దుమ్ము, తాత్కాలికపు బారకాసులు.

విద్యావంతుడు తన దుర్దశకు వగచి కూర్చుండదగిన చోటు అది. కాని అక్కడ ఆయనకు ఒక గురువు లభించినాడు. గెంటారో హికోగావా అనే ఆ పెద్దమనిషి జపానులో సంప్రదాయసిద్ధంగా పని నేర్చిన వడ్రంగి. రెండు దేశాల విద్యాలయాలలో చదివిన వాస్తుశిల్పి ఆ వడ్రంగికి శిష్యుడైనాడు. పనిముట్టును పదును పెట్టుట, జపాను రంపాన్నీ చిత్రికనూ తనవైపుకు లాగి పనిచేయుట, చెక్క నార ఏ దిశకు పోతున్నదో కనుగొని దాని ననుసరించుట ఆయన వద్ద అభ్యసించినారు. కలప దొరకదు. పెట్టెల చెక్కలు, కట్టడాలలో మిగిలిన ముక్కలు, ఎడారిలోని వంకర పొదల కొమ్మలు వారికి సామగ్రి. ఇతరులు పారవేసిన దానిలో అందం చూచే చూపు ఆ లేమిలో అలవడినది. అన్యాయాన్ని అన్యాయమనక తప్పదు. అయినను ఆ అన్యాయపు ఆవరణలో సైతం నేర్చుకొనుట మానని మనిషిని చూచి విద్యార్థిలోకం గ్రహింపదగిన దెంతయో కలదు.

1943లో రేమండ్ హామీ ఇచ్చి, నకషిమా కుటుంబాన్ని శిబిరం నుండి విడిపించి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని న్యూహోప్ గ్రామం వద్ద ఉన్న తన పొలానికి రప్పించినారు. వాస్తుశిల్పి అక్కడ కొంతకాలం కోళ్ళు మేపినారు! తీరిక వేళలలో కొయ్యపని సాగించినారు. తరువాత ఆ ఊరిలోనే నేల సంపాదించి, 1946 ప్రాంతంలో తన పనిశాలనూ, ఇంటినీ తన చేతులతోనే కట్టుకొన్నారు. మిగిలిన 44 ఏండ్ల జీవితం అక్కడనే గడచినది.

చెట్టుకు రెండవ జన్మ

ఆయన పనితీరు మొదలయ్యేది వడ్రంగి బల్ల మీద కాదు, రంపపు మిల్లులో. అక్రోటు మొదలైన చెట్ల పెద్ద మొద్దులను సంపూర్ణంగా కొని, కోత సమయంలో తాము దగ్గర నిలిచేవారు. మొద్దును ఏ వైపున కోస్తే లోపలి నార ఎట్లు బయటపడుతుందో ముందుగా ఊహించవలె. రత్నపరీక్షకుడు వజ్రాన్ని ఎక్కడ చీల్చవలెనో నిర్ణయించే వంటి క్షణం అది. తప్పిన కోత తిరిగి రాదు. కోసిన పలకలను మొద్దులో ఉన్న వరుసలోనే పేర్చి, నడుమ సందులు విడిచి, ఏండ్ల తరబడి ఆరనిచ్చేవారు. తడి ఆరని కొయ్య పనిలో పెట్టితే వంగుతుందని మన పల్లెల వడ్రంగులకు తెలియనిది కాదు. నాగలికీ, బండిచక్రానికీ నల్లతుమ్మను ఎన్నుకొని, నానబెట్టి, ఆరబెట్టి, చేవ చూచి పని ఆరంభించే మన పనివాని జ్ఞానమే వేరొక దేశంలో వేరొక చెట్టు మీద నకషిమా ఆచరణలో పెట్టినారు.

సామాన్యంగా పలక అంచులను సరిగీత మీద కోసి, బెరడు వైపు వంకరను తొలగిస్తారు. ఆయన అనేక బల్లలకు ఆ సహజపు అంచును అట్లే నిలిపినారు. కణుపు ఉన్నచోట కణుపును, రంధ్రం ఉన్నచోట రంధ్రాన్ని దాచలేదు. పగులు కనిపిస్తే పలకను పారవేయక, సీతాకోకచిలుక ఆకారంలో చిన్న కొయ్యబిళ్ళలను అడ్డంగా పొదిగి, పగులు ముందుకు ప్రాకకుండ బంధించినారు. గాయానికి కట్టిన కట్టు వలె అది పనికివచ్చింది. ఆభరణం వలె కంటికి కూడ ఇంపైనది. చెట్టు కొన్ని వందల ఏండ్లు జీవించి పడిపోయిన పిదప, దానికి రెండవ జన్మ ప్రసాదించుటయే వడ్రంగి ధర్మమని ఆయన విశ్వాసం. 1981లో ప్రకటించిన తన గ్రంథానికి వృక్షం యొక్క ఆత్మ అన్న అర్థం వచ్చే పేరు పెట్టినారు.

యంత్రాలను ఆయన ద్వేషించలేదు. మోటు పనికి యంత్రం, తుది పనికి చేయి అన్నది ఆయన విధానం. కుర్చీల ఆకృతిలో ఆయనది అచ్చమైన వాస్తుశిల్పి బుద్ధి. 1960 ప్రాంతాన రూపొందిన 'కొనాయిడ్' కుర్చీకి నాలుగు కాళ్ళు లేవు. రెండే కాళ్ళు, వాటి క్రింద నేలను అంటి పొడుగుగా సాగిన రెండు పట్టెలు. కూర్చుండు పలక ముందుకు చాచుకొని, గాలిలో నిలిచినట్లు కనిపిస్తుంది. చూచినవారికి అది విరిగిపోవునేమో అన్న శంక. కాని బరువు ఏ దారిన నేలకు చేరునో లెక్కకట్టిన మెదడు దాని వెనుక కలదు. అదే కాలంలో ఆయన కట్టుకొన్న పనిశాలకు పలుచని కాంక్రీటుతో గవ్వ వలె వంపు తిరిగిన కప్పు వేసినారు. కుర్చీ పేరు ఆ పనిశాల పేరే.

చాలాకాలం ఆయన తన వస్తువుల మీద సంతకం చేసేవారు కారు. అడుగువైపు కనిపించే పేరు కొన్నవారిది. ఎవరికోసం చేసినారో ఆ పేరు ముఖ్యం, చేసినవాని పేరు కాదు. పుదుచ్చేరి పాఠం ఇందులో స్పష్టంగా గోచరిస్తుంది.

ఇక్కడ ఒక సందేహానికి సమాధానం వెదకవలసి ఉన్నది. ఆధునిక వాస్తుశిల్పుల మొదటి ఆశయం చవక ధరకు సామాన్యునికి మంచి కుర్చీ అందించుట. అందుకు కర్మాగారమే మార్గమని వారిలో పెక్కుమంది తలచినారు. నకషిమా కూడ 1940 దశకంలో నోల్ సంస్థకు కుర్చీ నమూనా ఇచ్చినారు. 1950 దశకంలో మరొక సంస్థకు కొన్ని నమూనాలు ఇచ్చినారు. కాని ఆయన హృదయం ఆ దారిలో నిలువలేదు. ఒక్కొక్క పలకకు తగిన రూపం ఒక్కొక్కటిగా చూచేవాడు వేల సంఖ్యలో ఒకే అచ్చు తీయలేడు. ఫలితంగా, నిరాడంబర జీవనం కోరిన ఆయన బల్లలు క్రమంగా సంపన్నుల ఇండ్లు చేరినవి. 1973లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ గృహానికి, టోక్యోనాటి మిత్రుడు యోషిమురా కట్టిన ఇంటికి, 200కు పైగా వస్తువులు చేసినారు. ఇది ఆయన జీవితంలోని వైరుధ్యం. దానిని కప్పిపుచ్చ నవసరం లేదు. మంచిపని ఖరీదైనదగుట పనివాని దోషమా, పనిని గౌరవించుట మరచిన లోకపు దోషమా అన్నది పాఠకులు యోచింపవలసిన ప్రశ్న.

తిరిగి భారతదేశానికి

భారతదేశంతో ఆయన అనుబంధం 1939తో తెగలేదు. అహమ్మదాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ డిజైన్ సంస్థ ఆహ్వానంపై 1964లో వచ్చి, అక్కడి పనిశాలలో భారతీయులైన పనివారితో కలిసి, మన దేశపు కలపలకు అనువైన కుర్చీలు, బల్లలు రూపొందించినారు. ఆయన వెళ్ళిన పిదప కూడ కొన్ని ఏండ్లు ఆ నమూనాలు ఆ సంస్థలో తయారైనవి.

దాదాపు అదే కాలంలో చండీగఢ్‌లో మరొక వాస్తుశిల్పి పనిచేస్తుండెను. కొర్బూజియే దాయాది పియేర్ జెనరె 1951లో వచ్చి, 1965 వరకు అక్కడ నివసించి, కార్యాలయాలకూ, కళాశాలలకూ టేకు, పేము ఉపయోగించి తక్కువ ఖర్చుతో కుర్చీలు రూపొందించినారు. స్థానికపు వడ్రంగులు వాటిని వేలకొలది చేసినారు. కాలం గడచి, ఆ కుర్చీలు విరిగి, మేడల మీదను, పెరళ్ళలోను గుట్టలుగా పడి, పాతసామాను వలె వేలంలో అమ్ముడుపోయినవి. విదేశీ వర్తకులు వాటిని కొని, బాగుచేసి, పారిస్, న్యూయార్కు, లండన్ నగరాలలో లక్షల రూపాయల ధరకు అమ్మిన పిదప గాని వాటి విలువ మనవారికి తెలియలేదు. గోల్కొండలోని సామగ్రికి ఆ గతి పట్టలేదు. అక్కడ నివసించేవారు వాటిని ప్రతిదినమూ తుడిచి, జాగ్రత్తగా వాడుకొన్నారు. వస్తువు చేసిన చేయి ఎంత గొప్పదో, నిలుపుకొన్న చేయి అంత గొప్పది.

అమెరికను వాస్తుశిల్పుల సంఘం 1952లోనే నకషిమాకు శిల్పనైపుణ్యానికి స్వర్ణపతకం ఇచ్చినది. తన పౌరులుగా పుట్టినవారిని ముళ్ళకంచెలో ఉంచిన పదేండ్లకే ఆ దేశం ఆయన చేతిపనిని ఆ విధంగా గౌరవించినది. 1983లో జపాను ప్రభుత్వం తన ఉన్నత పురస్కారాలలో ఒకదానిని ఇచ్చినది. ఇవి ఆయన నిత్యకృత్యాన్ని మార్చలేదు. 1989లో ప్రిన్స్టన్‌లోని ఒక గృహం అగ్నికి ఆహుతి కాగా, ఆయన చేసిన వస్తువులు 100కు పైగా దగ్ధమైనవి. 84వ ఏట వాటిని తిరిగి చేయించుటకు ఆయన పూనుకొన్నారు.

చివరి దినాలలో ఆయన మనస్సును ఆక్రమించిన సంకల్పం వేరొకటి. 1984లో సుమారు 300 ఏండ్ల వయస్సు గల మహత్తరమైన నల్ల అక్రోటు మొద్దు ఆయనకు లభించినది. దానిని కోసి, జంట పలకలను పుస్తకపు పుటల వలె ప్రక్కప్రక్కన చేర్చి, విశాలమైన శాంతివేదికలు చేయవలెననీ, ప్రతి ఖండంలోను ఒకటి నిలుపవలెననీ తలచినారు. మొదటిది 1986 డిసెంబరు 31వ తేదీన న్యూయార్కు నగరపు సెంట్ జాన్ మహామందిరంలో ప్రతిష్ఠింపబడినది. యుద్ధం వలన నిర్బంధమనుభవించిన మనిషి ప్రతీకారంగా లోకానికి ఇచ్చినది ఒక బల్ల! ఎదురెదురుగా కూర్చుండుటకు బల్లకంటె తగినది మరేమున్నది?

1990 జూన్ 15వ తేదీన న్యూహోప్‌లో ఆయన కన్నుమూసినారు. శిబిరంలో పొత్తిళ్ళలో పెరిగిన కుమార్తె మీరా, తానును వాస్తుశిల్పం చదివి, పనిశాల భారాన్ని వహించినారు. ఆయన మరణానంతరం శాంతివేదికలలో ఒకటి మాస్కో చేరినది. మరొకటి పుదుచ్చేరి చెంత 1968లో వెలసిన ఆరోవిల్ చేరినది. గోల్కొండలో టేకు మంచంతో మొదలైన పని, అర్ధశతాబ్దం పిమ్మట అక్రోటు వేదికయై ఆ తీరానికే మరలివచ్చినది.

ప్లాస్టిక్ కుర్చీలూ, చెక్కపొడిని జిగురుతో అదిమిన పలకలూ నేడు మన ఇండ్లను ఆక్రమించినవి. పల్లెలలో బాడిస పట్టే వడ్రంగి అరుదైపోయినాడు. అతని కుమారుడు ఆ పనిని చదువు లేనివాని పనిగా తలచి విడిచినాడు. అట్లు తలచుట నేర్పినది ఎవరు? చేతికీ మెదడుకూ నడుమ గోడ కట్టిన మన చదువు కాదా? విశ్వవిద్యాలయపు పట్టాను ప్రక్కన పెట్టి, శిబిరంలో ఒక వడ్రంగి ముందు మోకరిల్లి పనిముట్టు పదును పెట్టుట నేర్చుకొన్న నకషిమా ఆ గోడను తన జీవితంతో పడగొట్టినారు. స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అనే నలుగురూ ఒక్క మనిషిలో కాపురముండగలరని ఆయన చూపినారు. బడిలో పిల్లవాడు తాను కూర్చున్న బల్ల ఏ చెట్టుదో, దానిని చేసినవాడెవడో ఒక్కమారు అడుగగలిగితే, ఉపాధ్యాయుడు దానికి ఓపికతో జవాబు చెప్పగలిగితే, ఆ దినపు పాఠం సార్థకమైనట్లే.